మూడవ చక్రము

రెండు చక్రముల బండి నిలుచుటకు పరుగే ఆధారము. పరుగిడుచున్నంత సేపు అది తనంత తాను నిలుచును. ఆగిన మరుక్షణమున దానిని నిలుపుటయే కష్టము. సైకిలు నేర్చుకొను పిల్లవాడు మొదటి దినముననే ఈ సంగతి గ్రహించును. వేగము తగ్గినకొలది ముందు చక్రము తడబడును. బండి పూర్తిగా ఆగినపుడు దానిని నిలబెట్టునది యంత్రము కాదు, నేలపై ఆనిన మనుష్యుని పాదము. పాతికేండ్ల ప్రాయమున ఈ పాదమును గూర్చి ఎవరును ఆలోచింపరు. డెబ్బదవ ఏట ఆలోచింపక తప్పదు.

అమెరికాలో ఈ ఆలోచన ఒక పరిశ్రమకే దారితీసినది. ఆ దేశమున దూరప్రయాణములకై నిర్మింపబడిన బరువైన మోటారు సైకిళ్లు విరివిగా కలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది జపాను దేశపు హోండా సంస్థవారి గోల్డ్ వింగ్. 1974లో దానిని తొలిసారి ప్రదర్శించినపుడు ఇంజను 999 సీసీలు, సిలిండర్లు నాలుగు. 1988లో సిలిండర్లు ఆరయినవి. 2001లో వెలువడిన రూపమున ఇంజను 1832 సీసీలు. బండి బరువు ఇంచుమించు 400 కిలోలు. మన వీధులలో తిరుగు స్కూటరు 100 కిలోలకు కొంచెము అటు ఇటుగా ఉండును. అనగా నాలుగు స్కూటర్ల బరువును ఒక్క మనుష్యుడు తన రెండు కాళ్ల నడుమ నిలుపవలయునన్నమాట. అది గాక వెనుక భార్య కూర్చుండును. పెట్టెలలో సామాను ఉండును. 1988 నాటి బండికే స్టార్టరు మోటారు సాయమున వెనుకకు నడచు ఏర్పాటు చేసిరన్నచో, దానిని కాళ్లతో నెట్టుట ఎంత ప్రయాసయో ఊహింపవచ్చును.

ఇట్టి బండిపై విశాలమైన రహదారిని పోవునపుడు వృద్ధుడైన చోదకునకు తన కాళ్లను గూర్చి దిగులు లేదు. దిగులంతయు కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగినపుడు. పెట్రోలు బంకు ముంగిట కంకరపై కాలు మోపినపుడు. ఏటవాలు నేలపై బండిని ఆపినపుడు. మోకాటికి శస్త్రచికిత్స జరిగినవారికి, తుంటి కీళ్లు అరిగినవారికి, పక్షవాతము సోకి కోలుకొన్నవారికి ఆ ఒక్క క్షణము పరీక్షాసమయము. బండి కొద్దిగా ఒరిగినచో బలముగల కాలు దానిని ఆపగలదు; ఇంకను ఒరిగినచో ఎవని కాలును ఆపజాలదు. నలుగురు చూచుచుండగా నడివీధిలో బండి పడవేసికొని, లేపుటకు పరుల సాయము కోరవలసి వచ్చినపుడు దెబ్బ కంటె సిగ్గు ఎక్కువ బాధించును. అట్టివారికి రెండు మార్గములు కనబడును. బండిని అమ్మివేయుట ఒకటి. దానికి మరియొక చక్రము చేర్చుట రెండవది. మూడు చక్రముల మోటారు సైకిలును అచట ట్రైకు అందురు.

చక్రము చేర్చుట యన్నంత సులభముగ ఆ పని జరుగదు. వెనుక చక్రమును, దానిని పట్టియుంచు చట్రమును ఊడదీయుదురు. వాని స్థానమున అడ్డముగ ఒక ఇరుసును, దాని కొనలకు కారు చక్రములను పోలిన రెండు చక్రములను అమర్తురు. ఎద్దుబండి ఇరుసునకు రెండు చక్రములున్నను అవి దేనికవి తిరుగును గనుక చిక్కు లేదు. ఇచట ఇంజను శక్తి రెండు చక్రములకును అందవలయును. మలుపులో వెలుపలి చక్రము లోపలి దానికంటె ఎక్కువ దూరము నడువవలయును. ఈ రెంటిని పొందుపరచుటకు కారులో వలెనే నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల కూర్పును బిగింతురు. గోల్డ్ వింగ్‌లో ఇంజను శక్తిని వెనుకకు చేర్చునది గొలుసు కాదు, షాఫ్టు. దానిని డిఫరెన్షియల్‌తో కలుపుదురు. క్రొత్త బ్రేకులు, రెండు చక్రములను కప్పు రేకులు, సామాను పెట్టె వచ్చి చేరును. టెక్సస్ రాష్ట్రములోని ట్రూప్ అను చిన్న పట్టణమున వెలసిన మోటార్ ట్రైక్ వంటి సంస్థలు ఇట్టి పరికరముల తయారీకి పేరొందినవి. ఖర్చు స్వల్పము కాదు. దానితో మరియొక మోటారు సైకిలును కొనవచ్చును.

మూడు చక్రముల బండి క్రొత్తది కాదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మొట్టమొదటి మోటారు బండికే చక్రములు మూడు. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ సంస్థ 1932 నుండి 1973 వరకు సర్వీకార్ అను మూడు చక్రముల మోటారు సైకిలును నిర్మించినది. మెకానిక్కు దానిపై కారు యజమాని ఇంటికి పోయి, దానిని కారు వెనుక తగిలించి, కారును తానే నడుపుకొని గ్యారేజీకి తెచ్చెడివాడు. పోలీసులును దానిని వాడిరి. మన ఢిల్లీ నగరమున కూడ రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగిలిపోయిన సైనిక మోటారు సైకిళ్లకు వెనుక రెండు చక్రములు, ఆసనములు చేర్చి ‘ఫట్‌ఫటీ’లను పేరుతో ప్రయాణికులను త్రిప్పిరి. వాతావరణ కాలుష్యము కారణముగ 1998లో అవి వీధులనుండి తొలగినవి. ఆ బండ్లన్నియు బ్రతుకుతెరువునకై పుట్టినవి. వృద్ధుల కోరిక ఒక పెద్ద విపణిగా మారినది తరువాతి కాలమున. హార్లీ సంస్థయే 2009వ సంవత్సరపు బండ్లలో ట్రై గ్లైడ్ అను ట్రైకును తన కర్మాగారమునుండి వెలువరించినది.

ఇంతవరకు చెప్పినది లాభము. దీనికి చెల్లింపవలసిన మూల్యము ధనము మాత్రమే కాదు.

రెండు చక్రముల బండి వాలి తిరుగును. వేగముగ పోవు చోదకుడు కుడివైపు తిరుగుటకు హాండిలు కుడి కొనను మెల్లగ ముందునకు నెట్టును. చక్రము క్షణకాలము ఎడమకు మొగ్గును; అందుచే బండి కుడికి వాలును; ఆ వాలుతోనే మలుపు తిరుగును. తానిట్లు చేయుచున్నానని అనేకులు ఎరుగకయే జీవితకాలము చేయుదురు. ట్రైకు వాలదు. దానిపై కుడి కొనను ముందునకు నెట్టినచో బండి ఎడమకే పోవును. ఒక మలుపులో చేతికి జ్ఞాపకమున్న పాతవిద్య చోదకుని ఎదురుగ వచ్చు బండ్ల వైపు కొనిపోగలదు. పైగా వాలుటకు అనువుగ అమర్చిన ముందు ఫోర్కు, హాండిలును బలముతో త్రిప్పవలసి వచ్చినపుడు మిక్కిలి బరువగును. అందుకే మంచి పనివారు ఫోర్కు కోణమును కూడ మార్చి ఆ శ్రమను తగ్గింతురు. ఆ ఖర్చునకు వెనుకాడినవారి భుజములు సాయంకాలమునకు ఆ సంగతి చెప్పును.

రెండవది పాదము. బండి ఆగబోవుచుండగా కాలు నేలకు దించుట నలువది ఏండ్ల అలవాటు. ట్రైకుపై ఆ కాలి వెనుకనే వెడల్పైన చక్రము వచ్చుచుండును. దించిన పాదము దాని క్రింద పడగలదు. ఏ పాదమునకు విశ్రాంతి నిచ్చుటకై మూడవ చక్రమును తెచ్చిరో ఆ పాదమునకే అపాయము.

మూడవది త్రిభుజము. విద్యార్థులు దీనిని కాగితముపై గీచి చూడవచ్చును. ట్రైకు మూడు చక్రములు నేలను తాకు చోట్లను కలిపినచో త్రిభుజమేర్పడును. దాని మొన ముందు చక్రము. బరువు ఆ త్రిభుజములోపల పనిచేయునంత వరకు బండి నిలుచును. మలుపులో బరువు వెలుపలికి త్రోయబడును. అదే సమయమున బ్రేకు వేసినచో ముందునకును త్రోయబడును. ముందునకు పోయినకొలది త్రిభుజము ఇరుకు. కనుక లోపలి చక్రము నేలను విడచి లేచును. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెనను నియమము ఇందుండి పుట్టినది. ఆగినపుడు పడని బండి అసలే పడదనుకొనుట పొరపాటు.

ఇట్లు మూడవ చక్రము కాలికి సాయపడును గాని కంటికి సాయపడదు. చూపు మందగించినవానికి, అపాయమును చూచి చేయి కదలుటకు జాగగువానికి మూడు చక్రములైనను నాలుగైనను ఒక్కటే. చోదకుడు తనలో సన్నగిల్లినది కాళ్ల బలమా, లేక చూపును నిర్ణయశక్తియునా యని మొదట తేల్చుకొనవలెను. మొదటిది అయినచో ట్రైకు అతనికి ఇంకను కొన్నియేండ్ల దారిని ప్రసాదించును. రెండవది అయినచో తాళపుచెవిని మరియొకరికి అప్పగించుటయే మర్యాద.

మన దేశమున ఈ మార్పునకు చట్టము అడ్డుగ నిలుచును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్పరాదని శాసించుచున్నది. 2019లో జరిగిన సవరణ, శరీరవైకల్యము గలవారికై మార్చిన బండికి చట్టమున ప్రత్యేకముగ చోటిచ్చినది. ప్రక్కచక్రములు అమర్చిన స్కూటర్లపై కొలువులకు పోవువారిని మన పట్టణములలో నిత్యము చూచుచున్నాము. అయితే ఆ నిర్వచనమున వార్ధక్యమను మాట లేదు. డెబ్బదియేండ్ల మోకాళ్లను వైకల్యమనవచ్చునా యను ప్రశ్న స్కూటరుపై బజారునకు పోవు మన పెద్దలకును ఎదురు కాగలదు.

అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ మూడు చక్రముల బండ్లకు ప్రత్యేకముగ ఒక పాఠక్రమమును రూపొందించినది. ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది. ఈ విద్యలో ఏమియు ఎరుగనివానికంటె బాగుగ ఎరిగినవానికే కష్టమెక్కువ. అతడు ముందు మరువవలయును, తరువాత నేర్వవలయును. చేతికఱ్ఱను మనవారు మూడవకాలందురు. ఆ కాలితో నడచుటకును కొంత అభ్యాసము కావలయును. లక్షల మైళ్లు తిరిగిన మనుష్యుడు తెల్లని తలతో ఖాళీ ఆవరణమున ప్రారంభకుల నడుమ నిలిచి, కాలు దించరాదను మొదటి పాఠమును విని, తిరిగి తిరిగి అభ్యసించుటకు సిద్ధపడినచో అతనికి మూడవ చక్రము తగును. అందుకు ఇష్టపడనివాడు ఆ ధనమును దాచుకొనుట మేలు.