మియాండర్ – మాటగా మారిన నది

గమ్యము లేక అటునిటు తిరుగుటను, చెప్పవలసిన విషయము విడిచి ప్రసంగము ఎచటికో పోవుటను ఇంగ్లీషులో మియాండర్ అందురు. భూగోళశాస్త్రమున ఈ మాటకు నదిలోని మెలిక అని అర్థము. నిజమునకు ఇది మొదట ఒక నది పేరు.

నేటి టర్కీ దేశపు పశ్చిమ భాగమున ప్రవహించి ఈజియన్ సముద్రమున కలియు నదిని ప్రాచీన గ్రీకులు మయాండ్రోస్ అనిరి. దాని నేటి పేరు బూయుక్ మెండెరెస్. పల్లపు మైదానమున అది పాము వలె మెలికలు తిరుగును. వంకరగా నున్న ప్రతిదానికిని ఈ నది పేరే పెట్టుచున్నారని రెండువేల యేండ్ల క్రిందటి భూగోళవేత్త స్ట్రాబో వ్రాసెను. ఆ పేరు గ్రీకు నుండి లాటినునకు, అందుండి 16వ శతాబ్దమున ఇంగ్లీషునకు చేరినది. నీటికిని వంపునకును గల ఈ చుట్టరికము తెలుగున కూడ కలదు. వంక అనగా వంపు. వాగులు, వంకలు అనునపుడు చిన్న ఏరు.

నది యేల మెలికలు తిరుగును? వంపు వద్ద వడిగల నీరు బయటి ఒడ్డును ఒరసి కోసివేయును. లోపలి ఒడ్డున వడి తక్కువ. అచట ఇసుక, ఒండ్రు మేట వేయును. అడుగునీరు బయటి ఒడ్డు నుండి లోపలి ఒడ్డునకు కదలుట ఇందుకు తోడ్పడును. టీ కప్పులో చెంచా త్రిప్పినపుడు ఆకులు అడుగున నడుమకు చేరుటకు కారణమును ఇట్టిదే యని ఐన్‌స్టీన్ 1926లో వివరించెను. ఇట్లు చిన్న వంపు పెద్దదగును. మరీ పెరిగినచో వరదనీరు దాని మెడను తెంచుకొని సూటిగా పారును. విడిపోయిన పాత పాయ అర్ధచంద్రాకారపు మడుగుగా మిగులును.

నది మోసికొనిపోవు ఒండ్రు సామాన్యమైనది కాదు. మయాండ్రోస్ కలిసిన అఖాతపు దక్షిణ తీరమున మిలేటస్ అను గొప్ప రేవుపట్టణ ముండెను. తత్త్వవేత్త థేలీస్ అచటివాడే. శతాబ్దముల తరబడి చేరిన ఒండ్రు ఆ అఖాతమును పూడ్చివేసినది. రేవు పోయినది, పట్టణము పాడుపడినది. దాని శిథిలములు నేడు సముద్రమునకు కొన్ని కిలోమీటర్ల దూరమున ఉన్నవి. క్రీ.పూ. 494లో గ్రీకులు పారసీకులతో నౌకాయుద్ధము చేసిన లాడే ద్వీపము నేడు మైదానము నడుమ నొక గుట్ట.

మాటకు గమ్యము లేని తిరుగుడు అను అర్థము వచ్చినను, ఆ నది తిరుగుడు నియమము లేనిది కాదు. ఏ ఒడ్డు కోతపడునో, ఏ ఒడ్డు మేటవేయునో ఆ నియమమే తెలుపును. నదీతీరమున పొలము, ఇల్లు గలవారు ముందుగా తెలిసికొనవలసినది అదియే.