లంద చేతులకి అడివి మందు

లందలో సున్నంనీళ్లు తోలునే కాదు, చేతుల్నీ తినేస్తాయి. ఆ పగుళ్లకి మన మాదిగవాడల్లో ఆడవాళ్లే మందు కాచేవాళ్లు. తోలు ఊనడానికి కావలసిన తంగేడు చెక్కకీ, కరక్కాయకీ అడివికి పోయినప్పుడే వాగుల పక్క రాలిన కానుగ కాయలూ, వదిలేసిన తేనెపట్టు మైనమూ ఏరుకొచ్చేవాళ్లు. కానుగ నూనె నాలుగైదు పాళ్లు, కరిగించి వడగట్టిన మైనం ఒక పాలు. సన్నసెగ మీద కలిపి దింపితే చల్లారాక పేరుకుంటుంది. మైనం ఎక్కువైతే రాయిలా బిగుస్తుంది, చేతికి అంటదు. దీన్ని వైద్యమని ఎవరు రాశారు గనక?

రాయకపోవడమే ఇప్పుడు అడ్డమొస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కునిచ్చింది. గిరిజనేతరులు మాత్రం 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉంటూ అడివిని నమ్ముకుని బతికినట్టు రుజువు చూపాలి. (గిరిజనుల హక్కుకి మేం పోటీ పెట్టడం లేదు.) భూమే దక్కనివాళ్లకి పాత కాగితాలెక్కడివి? అయితే 13వ నియమం ప్రకారం, హక్కు అడిగినవాళ్లు కాని పెద్దల మాటని రాతలో పెడితే అదీ సాక్ష్యమే. తంగేడు చెక్కకి ఏ గట్టుకి పోయారో, ఏ దారిన పోయారో ముసలమ్మల్ని అడిగి రాయించాలి. ఈ ఒక్కటే చాలదు, ఇంకో ఆధారం జతచేయాల్సిందే.