రెండు గదుల్లో ఒకే పాట ఎలా?

హాల్లో ఒక స్పీకరు, వంటింట్లో ఇంకొకటి. మధ్యలో వైరు లేదు. అయినా పాట రెండుచోట్లా ఒకేసారి ఎలా వస్తుంది?

ఇవి వైఫైతో నడుస్తాయి. పాట అందగానే పాడేయవు. కొంత ముక్క ముందే దాచుకుని, తమ లోపలి గడియారాలను ఒకదానితో ఒకటి సరిచూసుకుని, ఫలానా క్షణం రాగానే మొదలుపెడతాయి. కోలాటంలో అందరి కర్రలూ ఒకే తాళానికి పడ్డట్టన్నమాట. సెకనులో పదోవంతు తేడా వచ్చినా ఒకే మాట రెండుసార్లు వినబడి చిరాకేస్తుంది. బ్లూటూత్ ఒక గదికి చాలు. గోడలు అడ్డొస్తే తడబడుతుంది.

మరి పెద్ద స్పీకరు ఒక్కటే కొంటే పోలేదా? అపార్ట్‌మెంటులో వద్దు. 50 హెర్ట్జ్ బేస్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు! మామూలు గోడ, శ్లాబు దాన్ని సరిగా ఆపలేవు. మీకు పాట, పక్క ఫ్లాటువాళ్లకు దబదబ. మూలన పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది. గదికో చిన్న స్పీకరు పెట్టి మెల్లగా వినడమే మేలు.

అన్నీ ఒకే కంపెనీవైతే సులువుగా కలుస్తాయి. కొనేముందు ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి వైఫై అందుతోందో లేదో చూడండి. వంటింట్లో అందకపోతే ముందు మార్చాల్సింది రౌటరు చోటు.