వారంటు చెల్లదు... మరి కేసు?

2017 జూన్‌లో ఎఫ్‌బీఐ లాయర్ కెవిన్ క్లైన్‌స్మిత్ ఒక ఈమెయిల్‌ను దిద్దాడు. ట్రంప్ ప్రచార బృందానికి విదేశాంగ సలహాదారుగా పనిచేసిన కార్టర్ పేజ్ ఒకప్పుడు తమకు సమాచారం ఇచ్చేవాడని తేల్చే జవాబు సీఐఏ నుంచి వచ్చింది. దాన్ని సహోద్యోగికి పంపుతూ ‘సోర్సు కాదు’ అన్న ముక్క తనే చేర్చాడు. పది రోజులకే, రష్యా ఏజెంటన్న అనుమానంతో పేజ్‌పై సాగుతున్న నిఘాకు నాలుగోసారి కోర్టు అనుమతి దొరికింది. రష్యన్లతో పేజ్ మాట్లాడింది సీఐఏకు తెలిసే అయితే అనుమానంలో సగం పస ఉండదు. జడ్జికి ఆ సంగతి చేరనేలేదు.

2019 డిసెంబరులో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ మైఖేల్ హోరోవిట్జ్ ఆ నాలుగు దరఖాస్తుల్లో 17 పెద్ద లోపాలు చూపించాడు. హిల్లరీ వర్గం డబ్బుతో బ్రిటన్ మాజీ గూఢచారి స్టీల్ తయారుచేసిన నివేదికలే వాటికి ముఖ్య ఆధారం. స్టీల్‌కు కబుర్లు అందించిన మనిషే 2017 జనవరిలో ఆ రాతలు తను చెప్పినట్టు లేవన్నాడు. అయినా తర్వాతి దరఖాస్తుల్లో అవే రాతలు! చివరి రెండు అనుమతులకూ తగిన ఆధారం లేదని న్యాయశాఖే ఒప్పుకుంది.

మరి ట్రంప్ బృందానికీ రష్యాకూ ఉన్న సంబంధాలపై దర్యాప్తు కూలిందా? చట్టం లెక్కలో లేదు. అబద్ధం కొట్టేసి మిగిలింది వారంటుకు చాలుతుందా అని చూడమంటుంది అమెరికా సుప్రీంకోర్టు 1978 నాటి ఫ్రాంక్స్ తీర్పు. చాలకపోతే ఆ వారంటుతో దొరికిన సాక్ష్యం పనికిరాదు. అంతేగానీ కేసంతా పోదు. ఈ దర్యాప్తు 2016 జులై 31న మొదలైంది పాపడోపులస్ అనే మరో సలహాదారుపై ఆస్ట్రేలియా ఇచ్చిన కబురుతో. స్టీల్ కాగితాలు ఆ బృందానికి చేరింది సెప్టెంబరులో. ఆ కబురు పూర్తిస్థాయి దర్యాప్తుకు చాలదని 2023లో ఈ దర్యాప్తును పరిశీలించిన ప్రత్యేక న్యాయవాది డర్హమ్ తప్పుపట్టాడు, అది వేరే వాదన. తర్వాత దర్యాప్తు నడిపిన ప్రత్యేక న్యాయవాది మ్యూలర్ అభియోగాలు మోపిన 34 మందిలో పేజ్ లేడు. ట్రంప్ ప్రచార సారథిగా ఉన్న మానఫోర్ట్‌ను పట్టించినవి బ్యాంకు కాగితాలూ పన్ను లెక్కలూ.

కోర్టులో నిలబడ్డది జనంలో నిలబడలేదు. ‘వేటాడారు’ అని ట్రంప్ శిబిరం ఊరికే అంటున్నప్పుడు కొట్టిపారేయొచ్చు. దిద్దిన ఈమెయిల్ బయటపడ్డాక ఎలా కొట్టిపారేస్తారు? ఆ ఆయుధాన్ని చేతికిచ్చింది ఎఫ్‌బీఐనే. క్లైన్‌స్మిత్ నేరం ఒప్పుకుంటే పడింది ఏడాది ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ. ఈ నిఘాపై పేజ్ వేసిన దావాను 2022లో కోర్టు కొట్టేసింది.

అసలు రోగం ఇలాంటి నిఘాకు అనుమతులిచ్చే రహస్య కోర్టు పద్ధతిలోనే ఉందనుకుంటాను. అడిగేది ప్రభుత్వం, వినేది జడ్జి. కాదనడానికి అవతలి లాయరు ఉండడు. మన దగ్గర ఆ జడ్జి కూడా లేడు, హోంశాఖ కార్యదర్శి సంతకం చాలు. ఫోన్ ట్యాపింగ్ గొడవలు తెలుగువాళ్లకూ కొత్తేం కాదు.

హోరోవిట్జ్ పేజ్‌తో ఆగలేదు. అమెరికన్లపై వేరే నిఘా దరఖాస్తులు 29 తీసి చూద్దామనుకున్నాడు. నాలుగింటికి ఆధారాల ఫైలే దొరకలేదు. చూసిన 25లోనూ తేడాలు కనిపించాయి. వాటిలో చాలావరకు చిన్నవేనని న్యాయశాఖ సర్దిచెప్పింది. వాటిలోని మనుషులెవరో దేశానికి తెలియదు; వాళ్లకోసం ఏ పార్టీ గొంతు చించుకోలేదు.