ట్రాక్ పక్కన బొమ్మ తల

శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సు డ్రైవరు సగం దారిని చెవులతోనే చూస్తాడు. దోర్నాల దాటాక నల్లమల మలుపుల్లో ఎదుటి బండి కంటికి కనిపించే లోపే దాని హారన్ వినిపిస్తుంది. బండి పై మలుపులో ఉందా, కింది మలుపులో ఉందా, కొండవైపు నుంచా, లోయవైపు నుంచా అన్నది అలవాటైన చెవికి ఆ మోతలోనే తెలిసిపోతుంది. అదే మోతను మామూలు మైకుతో రికార్డు చేసి ఇంటికొచ్చి వింటే హారన్ మిగులుతుంది, మలుపు పోతుంది.

పోయిన ఆ మలుపును పట్టి తెచ్చేదే డమ్మీ హెడ్. మనం బొమ్మ తల అనుకుందాం. మనిషి తలంత తల, మెత్తని పదార్థంతో పోసిన రెండు చెవులు, ఒక్కో చెవి రంధ్రంలో ఒక్కో మైకు. రికార్డింగ్ పరికరాల్లో ఏ భాగమైనా శబ్దానికి అడ్డు రాకూడదని ఇంజనీర్లు తంటాలు పడతారు. ఈ యంత్రం మాత్రం అడ్డుపడటమే పనిగా పెట్టుకుంది.

దీని కథ తల లేకుండానే మొదలైంది. 1881లో పారిస్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగినప్పుడు క్లెమాన్ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక అంచున టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టి, తీగలను ప్రదర్శనశాల దాకా లాగాడు. వినేవాళ్ళ రెండు చెవులకూ రెండు రిసీవర్లు. ఎడమ చెవికి వేదిక ఎడమ వైపు పాట, కుడి చెవికి కుడి వైపు పాట. గాయని అటునుంచి ఇటు నడిస్తే, ఆ నడక కూడా తీగల మీదుగా వచ్చింది. రికార్డు ప్లేయర్లు ఇళ్ళకు చేరకముందే జనం రెండు చెవులతో వినడం రుచి చూశారు.

ఆ రెండు చెవులూ ఏం చేస్తున్నాయో 1907లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ తేల్చాడు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి చేరడానికి తలను చుట్టి రావాలి. ఆ ఆలస్యం మహా అయితే సెకనులో వెయ్యో వంతుకు మూడింట రెండు వంతులు. అయినా మెదడు దాన్ని లెక్కిస్తుంది. మంద్ర స్వరాలకు ఈ లెక్క సరిపోతుంది, ఎందుకంటే వాటి తరంగాలు తల కంటే చాలా పొడవు, అవలీలగా వంగి అవతలికి వెళ్ళిపోతాయి. తార స్వరాల తరంగాలు పొట్టివి. తల వాటిని ఆపేస్తుంది, అవతలి చెవి నీడలో పడుతుంది, అక్కడ శబ్దం సన్నగిల్లుతుంది. అంటే ఎటు అన్న ప్రశ్నకు జవాబిచ్చేది చెవులు ఎంత మేరకో, వాటి మధ్య నిలబడ్డ బుర్ర కూడా అంతే మేరకు. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెప్పేది చెవి డిప్ప. దాని ముడతల్లో తగిలి తిరిగిన శబ్దం కొన్ని పౌనఃపున్యాల్ని పోగొట్టుకుని లోపలికి వెళుతుంది. ఏవి పోయాయో చూసి మెదడు దిక్కు పసిగడుతుంది.

కాబట్టి మైకుల మధ్య తల పెట్టక తప్పదు. 1930లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాల దుస్తుల దుకాణంలో నిలబెట్టే బొమ్మలాంటిదాన్ని తెచ్చి ఆస్కార్ అని పేరు పెట్టింది. అప్పటి మైకులు చెవి రంధ్రంలో పట్టేంత చిన్నవి కావు, అందుకని చెవుల ముందు బుగ్గల మీద బిగించారు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం వరసలో నిలబడి ఆస్కార్ చెవులతో విన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లండులో అలన్ బ్లమ్లైన్ అనే ఇంజనీరు ఇంకో దారి పట్టాడు. తల అక్కర్లేదు, గదిలో రెండు లౌడ్ స్పీకర్లు చాలన్నాడు. 1935లో హేస్ స్టేషన్‌లో రైళ్ళు వచ్చి పోవడాన్ని చిత్రించి వినిపించాడు. దూసుకుపోయే బండి శబ్దాన్ని దిక్కుతో సహా పట్టాలన్న కోరిక అంత పాతది. లోకం బ్లమ్లైన్ వెంట నడిచింది, బొమ్మ తల ప్రయోగశాలకే పరిమితమైంది.

దాన్ని మళ్ళీ బయటికి తెచ్చింది బెర్లిన్. 1973లో అక్కడి రేడియో ప్రదర్శనలో నాయ్‌మన్ సంస్థ కేయూ 80 అనే తలను చూపించింది. ఆ ఏడే దానితో రికార్డు చేసిన రేడియో నాటకం ప్రసారమైంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళకు పాత్రలు గదిలోనే మెసలుతున్నట్టు అనిపించింది, స్పీకర్లలో విన్నవాళ్ళకు మాత్రం రుచించలేదు. ఆ లోపాన్ని తర్వాతి తలల్లో సరిదిద్దుకుంటూ వచ్చారు. 1992 నాటి కేయూ 100 నేటికీ స్టూడియోల్లో ఉంది. 135 డెసిబెళ్ళ దాకా బెదరదు, మీట మారిస్తే 145 దాకా.

రేసు ట్రాక్ పక్కన నిలబెట్టే తలకు ఆ ధైర్యం కావాలి మరి. 2011లో గ్రేటర్ నోయిడాలో పరుగెత్తిన ఫార్ములా వన్ కార్లవి ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు. నిమిషానికి 18,000 చుట్లంటే సెకనుకు 1,200 పేలుళ్ళు. దానితో పోలిస్తే తెలుగు నేల మీద జరిగిన పెద్ద రేసు పెద్దగా అరవనే లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, లుంబిని పార్కు, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ దాదాపు 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద, 18 మలుపులతో జరిగిన ఫార్ములా ఈ పోటీ అది. విద్యుత్ కార్లతో భారత్‌లో జరిగిన తొలి ప్రపంచ స్థాయి రేసు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఎలక్ట్రిక్ కారుకు శబ్దమేముంది అని పెట్రోలు అభిమానులు పెదవి విరుస్తారు. నా మటుకు నాకు బొమ్మ తలకు ఇంతకంటే మంచి విందు లేదు. మోటారు, గేర్ల కూత ఎక్కువగా తారస్థాయిలో ఉంటుంది, తల నీడ దట్టంగా పడేదీ అక్కడే. పైగా ఇంజన్ హోరు లేదు గనక టైర్ల కీచు, కారు అడుగు నేలకు రాసుకునే గరగర, గాలి చీలిక అన్నీ విడివిడిగా చెవిన పడతాయి.

ఇక కారు దాటిపోయే క్షణం. పది మీటర్ల దూరంలో గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు, ఎడమ మూల నుంచి కుడి మూలకు సెకనులో మూడో వంతు పైచిలుకులో తిరిగిపోతుంది. ఆ కాస్తలోనే స్వరం జారుతుంది. డాప్లర్ 1842లో చెప్పిన ప్రభావమిది. వస్తున్నప్పుడు తరంగాలు దగ్గరపడి స్వరం హెచ్చుతుంది, పోతున్నప్పుడు సాగి తగ్గుతుంది. సంగీతం తెలిసిన చెవికి దీన్ని మరోలా చెప్పవచ్చు. వెళ్ళే స్వరం షడ్జమం అనుకుంటే, సుమారు 250 కిలోమీటర్ల వేగంలో వచ్చే స్వరం పంచమం. 200 దగ్గరైతే ప్రతి మధ్యమం చుట్టుపక్కల. 300 దాటితే ధైవతం. వేగాన్ని కొలిచే రాడారు లేకపోయినా వీణ విద్వాంసుడు లెక్క చెప్పగలడు.

పని మాత్రం అంత సుఖం కాదు. రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న కారు పది మీటర్లకు వచ్చేసరికి శబ్దం 26 డెసిబెళ్ళు పెరుగుతుంది. రికార్డరును దగ్గరి మోతకు సరిపెడితే దూరపు కూత అడుగున పడుతుంది, దూరానికి పెంచితే దగ్గరి మోత పగిలిపోతుంది. గాలి ఇంకో శత్రువు. మైకుకు తొడిగే బొచ్చు తొడుగు తలకు తొడిగితే చెవి డిప్పల పని చెడుతుంది. వీధి ట్రాక్ కాంక్రీటు గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, దానివల్ల ఒక కారు రెండు చోట్ల ఉన్నట్టు అనిపిస్తుంది. అన్నిటికీ మించి వ్యాఖ్యాత లౌడ్ స్పీకరు! అందుకే రేసు కంటే ముందు జరిగే ప్రాక్టీసు మేలు.

అసలు లోపం వేరే ఉంది. ట్రాక్ పక్కన మనిషి ఊరుకోడు, ప్రతి కారుతో పాటు మెడ తిప్పుతాడు. ముందా వెనకా అన్న సందేహం అలా తిప్పినప్పుడే తీరుతుంది. బొమ్మ తల మెడ తిప్పదు. అందుకే ముందునుంచి వెళ్ళిన కారు వెనకనుంచి వెళ్ళినట్టు వినిపిస్తుందని దీనిమీద మొదటినుంచీ ఫిర్యాదు. పైగా ఆ చెవులు ఎవరివి? 1972 నాటి కెమార్ అనే ప్రసిద్ధ కొలత బొమ్మను అమెరికా పెద్దవాళ్ళ సగటు కొలతలతో చేశారు. సగటు చెవి ఎవరికీ ఉండదు. ఇప్పుడు ఫోన్ కెమెరాతో మన చెవులను కొలిచి, వాటికి తగ్గట్టు శబ్దాన్ని మార్చే పద్ధతులు వచ్చాయి. హెడ్‌ఫోనులోనే తల కదలికను పసిగట్టే సాధనాలూ వచ్చాయి. ఇవి తీసుకున్నా, బొమ్మ తల కొనే స్తోమత లేక సొంత చెవుల్లోనే బుల్లి మైకులు పెట్టుకున్నా తప్పులేదు. సొంత చెవులతో రికార్డు చేసింది సొంత చెవులకే బాగా అతుకుతుంది కూడా. కాకపోతే ఆ కాసేపు మెడ బిగబట్టి నిలబడాలి, మింగిన గుటక కూడా రికార్డవుతుంది.

వినేటప్పుడు ఒక్క జాగ్రత్త. హెడ్‌ఫోన్ ఎడమ కుడీ సరిచూసుకోండి. తారుమారైతే కార్లన్నీ ఎన్టీఆర్ మార్గ్ మీద రాంగ్ రూట్లో వస్తాయి.