అండమాన్ ట్యూనా: చల్లగా ఒడ్డు చేరితేనే డాలర్లు

శ్రీ విజయపురం: అండమాన్, నికోబార్ దీవుల చుట్టూ ఉన్న సముద్రంలో 60 వేల టన్నుల మేరకు ట్యూనా, దానికి దగ్గరి జాతుల చేపల సంపద ఉన్నదని కేంద్ర మత్స్యశాఖ అంచనా. దేశ ప్రత్యేక ఆర్థిక మండలిలో దాదాపు మూడో వంతు, అంటే సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు ఈ దీవులదే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో మారింది గాని, ఈ అంచనాకూ ఒడ్డు చేరే చేపకూ మధ్య అంతరం మారలేదు. పట్టుబడుతున్నది స్వల్పభాగమే.

అయితే టన్నుల లెక్క ఒక్కటే చూస్తే ఈ సంపద విలువ బోధపడదు. తెలుగు మత్స్యకారులు ‘సూర’ అని పిలిచే ఈ చేప ధరను నిర్ణయించేది దాని పరిమాణం, మాంసం స్థితి.

పసుపు రెక్కల ట్యూనాను మూతి కొన నుంచి తోక చీలిక వరకు కొలుస్తారు. 50 సెంటీమీటర్ల చేప మూడు కిలోలకు మించదు. 100 సెంటీమీటర్ల చేప 20 కిలోల దాకా తూగుతుంది. పొడవు రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లకు చేరువవుతుందన్న మాట. ఈ జాతి చేపల్లో అధికభాగం గుడ్లు పెట్టే దశకు వచ్చేది కూడా సుమారు మీటరు పొడవు వద్దే. పొడవు సమానమైనంత మాత్రాన బరువు సమానం కాదు. మేత సమృద్ధిగా దొరికిన చేప బలిసి ఉంటుంది, గుడ్లు విడిచిన చేప చిక్కిపోతుంది. బరువును పొడవు ఘనంతో భాగించి శాస్త్రజ్ఞులు ఈ తేడాను లెక్కగడతారు.

పట్టే పద్ధతిని బట్టి కూడా చేప సైజు మారుతుంది. తేలియాడే సాధనాల చుట్టూ పర్స్ సీన్ వలలు వేసే భారీ నౌకలకు పిల్ల చేపలు ఎక్కువగా చిక్కుతాయి. అవి డబ్బాల్లో నింపే కర్మాగారాలకు వెళతాయి. లోతుకు గాలాలు దించే లాంగ్‌లైన్ నౌకలకు పెద్దవి పడతాయి. భారత మత్స్య సర్వే సంస్థకు చెందిన ‘బ్లూ మార్లిన్’ ఈ దీవుల చుట్టూ ఏళ్ల తరబడి సర్వే జరిపింది లాంగ్‌లైన్‌తోనే. పచ్చిగా తినే జపాన్ విపణికి కావలసినదీ ఆ పెద్ద చేపే.

అసలు చిక్కు చేప పడవలోకి వచ్చిన తరువాత మొదలవుతుంది. ట్యూనా కండరాలు చుట్టూ ఉన్న నీటి కంటే వెచ్చగా ఉంటాయి. గాలానికి చిక్కి పెనుగులాడేకొద్దీ వేడి, ఆమ్లం పెరిగి మాంసం పాలిపోతుంది. దీనినే ‘కాలిన ట్యూనా’ అంటారు. వెంటనే మెదడులో గుచ్చి చంపి, నెత్తురు కార్చి, మొప్పలు, పేగులు తీసి ఐసులో పెట్టకపోతే 60 కిలోల చేపకైనా మొదటి రకం ధర రాదు. కొనుగోలుదారు సన్నని గొట్టం గుచ్చి మాంసపు పోగు లాగి చూస్తాడు, రంగును బట్టి అక్కడికక్కడే రకం తేలుస్తాడు. వేడిలో నిలువ ఉన్న చేపలో హిస్టమిన్ అనే విషపదార్థం తయారవుతుంది. వండినా అది పోదు.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చి జంగ్లీఘాట్ వంటిచోట్ల స్థిరపడిన తెలుగు మత్స్యకారులకు గాలం వేయడం కొత్త కాదు. వారి చిన్న పడవలకు కొరవడింది ఐసు, శీతల గిడ్డంగులు, దూరపు విపణికి వేగంగా చేర్చే రవాణా. ఇక్కడి నుంచి చెన్నైకి, విశాఖకు ఓడలో రెండున్నర, మూడు రోజులు పడుతుంది. నికోబార్ దక్షిణ కొసకు సుమత్రా దీవి సుమారు 150 కిలోమీటర్ల దూరమే.

హిందూ మహాసముద్రంలో పసుపు రెక్కల ట్యూనా మితిమీరిన వేటకు గురైందని 2015లో ప్రకటించిన హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్, 2024 నాటి మదింపులో ఆ పరిస్థితి లేదని తేల్చింది. టన్నుకు కనీసం ఒక చేపనైనా కొలవాలని సభ్య దేశాలకు ఆ కమిషన్ నిబంధన. భారత్ కూడా సభ్య దేశమే.

2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన ప్రత్యేక ఆర్థిక మండలి నిబంధనలు సహకార సంఘాలకు ప్రాధాన్యమిస్తూ, చిన్న పడవల నుంచి నడిసముద్రంలోనే చేపను అందుకునే ‘తల్లి నౌక’ల పద్ధతికి అవకాశం కల్పించాయి. అటువంటి నౌకలో శీతల గది ఎంత, పడవ నుంచి చేప దానికి చేరేందుకు పట్టే గంటలెన్ని అనే దానిపైనే జంగ్లీఘాట్ పడవకు దక్కే కిలో ధర ఆధారపడుతుంది.