ఆయాసపడితేనే దమ్ము!

హైదరాబాద్ కేబీఆర్ పార్కుకో, విశాఖ బీచ్ రోడ్డుకో పొద్దున్నే వెళ్లి చూడండి. కబుర్లు చెప్పుకుంటూ, ఫోన్లు మాట్లాడుకుంటూ నడిచేవాళ్లే ఎటు చూసినా. చాలామంది ఏళ్ల తరబడి ఒక్కరోజూ నాగా పెట్టరు. అయినా లిఫ్టు పాడై మూడంతస్తులు ఎక్కాల్సి వస్తే రొప్పుతారు. లోపం రోజుల లెక్కలో లేదు, వేగంలో ఉంది.

దమ్ముకు శాస్త్రజ్ఞుల దగ్గర ఒక కొలత ఉంది. శక్తినంతా కూడదీసుకుని శ్రమిస్తున్నప్పుడు ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నదే అది. పేరు వీఓటూ మ్యాక్స్. దీన్ని పెంచేది ఏమిటి? పెరిగింది నిలబడాలంటే ఏం చేయాలి?

రెండో ప్రశ్నకు అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం 1980లలో చక్కటి జవాబు రాబట్టింది. కొందరి చేత వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున పది వారాలు గట్టిగా సైకిల్ తొక్కించారు, పరిగెత్తించారు. దమ్ము బాగా పెరిగింది. ఆ తర్వాత తీవ్రత అలాగే ఉంచి, రోజులు మాత్రం నాలుగుకో రెండుకో కుదించారు. పదిహేను వారాలైనా వీఓటూ మ్యాక్స్ చెక్కుచెదరలేదు! ఇంకో ప్రయోగంలో దీన్ని తిరగేశారు. ఆరు రోజులూ ఉంచి, తీవ్రతను కోసేశారు. కష్టపడి సంపాదించిన దమ్ము జారిపోవడం మొదలైంది.

ఇక మొదటి ప్రశ్న. 2007లో నార్వేలోని ట్రాండ్‌హైమ్ పరిశోధకులు మొత్తం శ్రమ సమానంగా ఉండేలా చూసి, కుర్రాళ్లను రకరకాలుగా పరిగెత్తించారు. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. తాపీగా పరిగెత్తినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. గుండె వేగం గరిష్ఠంలో 90–95 శాతానికి చేరేలా నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు పరిగెత్తి, మధ్యలో మూడేసి నిమిషాలు వేగం తగ్గించినవాళ్లకు వీఓటూ మ్యాక్స్ 7 శాతం పైగా పెరిగింది. వాళ్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తమూ పెరిగింది. అసలు కిటుకు అక్కడే ఉంది: ఎక్కువ రక్తం అంటే ఎక్కువ ఆక్సిజన్.

  

అలాగని రోజూ గట్టిగా పరిగెత్తమనీ కాదు. కొత్తవాళ్లు రోజులు పెంచితే మోకాళ్లు, మడమలు ముందు మొరాయిస్తాయి. వారంలో రెండు మూడు రోజులు రెండు ముక్కలు మాట్లాడేసరికే ఊపిరి అందనంత జోరు, మిగతా రోజులు మామూలు నడక చాలు. ఆ మామూలు నడకనూ తీసిపారేయలేం. షుగరుకూ బీపీకీ అది మంచి మందే.

‘ఈ వయసులో మాకెందుకండీ’ అనేవాళ్లకు ట్రాండ్‌హైమ్‌లోనే ఇంకో కబురుంది. గుండెపోటు వచ్చి గుండె బలహీనపడినవాళ్లు, సగటున 75 ఏళ్లవాళ్లు, పర్యవేక్షణలో ఇదే పద్ధతిని 12 వారాలు పాటించారు. వాళ్ల దమ్ము 46 శాతం పెరిగింది. నిదానంగా వ్యాయామం చేసినవాళ్లకు 14 శాతమే. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. అన్నట్టు, ఆ రోగులెవరూ పరిగెత్తలేదు. ట్రెడ్‌మిల్‌ను ఏటవాలుగా ఎత్తి, దాని మీద నడిచారంతే.